సిరొంచలో కరెంటు బిల్లు: మరాఠీ కాగితం చదవడం నుంచి నాగ్‌పూర్ అప్పీలు దాకా

కాళేశ్వరం వైపు పెళ్ళికి వెళ్ళివచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట మోసుకొస్తారు. "మేనత్త వాళ్ళింట్లో బిల్లు సున్నా వస్తోంది. ఏరు దాటితే మనకు వెయ్యీ పన్నెండు వందలు. మధ్యలో ఎవరు తింటున్నట్టు?" మాది మహారాష్ట్ర సరిహద్దు ఊరు సిరొంచలో చిన్న జిరాక్స్ దుకాణం. నెలలో రెండో వారం వచ్చిందంటే బిల్లు కాగితం పట్టుకుని జనం వస్తారు. నకలు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరే. ఎక్కువమంది "ఇందులో ఏం రాశాడో చూడు బిడ్డా" అని అడగడానికే వస్తారు. మనం తెలుగు మాట్లాడతాం, బిల్లు మరాఠీలో వస్తుంది. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

సున్నా బిల్లు సంగతి ముందే చెప్పేస్తాను. అవతల తెలంగాణ ప్రభుత్వం గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు వాడే అర్హులైన ఇళ్ళకు 2024 మార్చి నుంచి బిల్లు తానే కడుతోంది. మనది మహారాష్ట్ర. మన ధర ముంబయిలో ఉన్న విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది, మన కరెంటు కంపెనీ మహావితరణ్ వసూలు చేస్తుంది. ఆ బిల్లుతో ఈ బిల్లు పోల్చి ఆఫీసులో గొడవ పడితే లాభం ఉండదు. మన బిల్లులో నిజంగా తప్పున్నప్పుడు మన నియమాల ప్రకారమే పట్టుకోవాలి.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇది: జనం "దొంగ ఛార్జీ" అనేవాటిలో ఎక్కువ భాగం బిల్లు మీద బాహాటంగా అచ్చయి ఉంటాయి, మనకు చదవరాక దాగినట్టు కనిపిస్తాయి. నిజంగా అన్యాయమైనవి కొన్నే. ఆ కొన్నింటి మీద చేతిలో కాగితం ఉన్నవాళ్ళు గెలుస్తారు, లేనివాళ్ళు కట్టి ఊరుకుంటారు. అందుకే మొదటి పని కాగితాలతోనే.

1. ఒక ఫైలు పెట్టండి

గత 12 నెలల బిల్లులు, కట్టిన రసీదులు, కనెక్షన్ తీసుకున్నప్పుడు డిపాజిట్ కట్టిన రసీదు, అన్నీ ఒకచోట ఉండాలి. ఫోన్‌పే లాంటి వాటిలో కడితే ఆ స్క్రీన్ ఫొటో తీసి ప్రింట్ పెట్టుకోండి, ఫోన్ మారితే అది పోతుంది. ఫైలు అట్ట మీద 12 అంకెల గ్రాహక్ క్రమాంక్, అంటే కన్స్యూమర్ నంబరు, దాని పక్కన బిల్లింగ్ యూనిట్ నంబరు పెద్దగా రాయండి. ఏ అర్జీకైనా ముందు అడిగేవి ఈ రెండే.

పాత బిల్లులు పోయినవాళ్ళు కంగారు పడవద్దు. మీ కనెక్షన్ పుట్టినప్పటి నుంచి నెలనెలా రీడింగ్, యూనిట్లు, వేసిన మొత్తం, కట్టిన మొత్తం చూపే లెక్క ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని సీపీఎల్ అంటారు, కన్స్యూమర్ పర్సనల్ లెడ్జర్. "సీపీఎల్ ఇవ్వండి" అని రాసి అడగండి. ఈ మాట తెలిసిన మనిషితో ఆఫీసులో మాట్లాడే తీరే మారుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

2. మరాఠీ గడులు ఒక్కొక్కటీ చదవండి

బిల్లు ముందేసుకుని కూర్చోండి. మన తెలుగు తెలిసినవాళ్ళకు ఈ మాటలు అంత పరాయివి కావు.

వీజ్ అంటే కరెంటు, ఆకార్ అంటే ఛార్జీ. స్థిర్ ఆకార్ అంటే స్థిరంగా ఉండేది: ఒక్క బల్బు వెలగకపోయినా, ఇంటికి తాళం వేసి సూరత్ కూలికి వెళ్ళినా నెలనెలా పడేది. మామూలు సింగిల్ ఫేజ్ ఇంటికి 2024-25లో ఇది 128 రూపాయలు. "మేం ఊళ్ళోనే లేము, బిల్లెట్లా వచ్చింది?" అనే ప్రశ్నకు జవాబు ఈ గడిలోనే ఉంది. ఏడాదికి పైగా ఇల్లు మూసిపెట్టే ఆలోచన ఉంటే కనెక్షన్ అప్పగించి డిపాజిట్ వెనక్కు తీసుకోవడమే నయం.

వీజ్ ఆకార్ మీరు వాడిన యూనిట్ల ధర. వహన్ ఆకార్ అంటే మోసుకొచ్చిన కూలి. వాహనం అన్న మాట గుర్తు పెట్టుకుంటే చాలు, తీగల మీద మీ ఇంటిదాకా తెచ్చినందుకు యూనిట్‌కు ఇంత అని వేస్తారు. "ధర యూనిట్‌కు నాలుగు రూపాయల చిల్లర అన్నారు, లెక్కేస్తే ఆరు పడుతోంది" అని గొడవపడే చాలామంది చూడనిది ఈ వహన్ గడే.

ఇంధన్ సమాయోజన్ ఆకార్ నెలనెలా మారేది. బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర పెరిగితే ఆ తేడా ఇలా వస్తుంది. ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు, ఒక్కోసారి తగ్గింపుగా కూడా వస్తుంది. నాకు ఈ గడి మీదే ఎక్కువ కోపం. కూలి డబ్బు నెలకు ఇంత అని లెక్క వేసుకుని బతికే ఇంటికి ముందుగా తెలియని ఖర్చు పడటం న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ కమిషన్ అనుమతి ఉన్నది కాబట్టి దీని మీద అర్జీ పెట్టి గెలవలేం. రేటు సరిగ్గా వేశారా లేదా అన్నది మాత్రం చూడవచ్చు.

వీజ్ శుల్క్ అంటే సుంకం. ఇది రాష్ట్ర ప్రభుత్వానిది, ఇళ్ళకు 16 శాతం. ఒక్క కరెంటు ధర మీదే కాదు, స్థిర్, వహన్, ఇంధన్ అన్నీ కలిపిన మొత్తం మీద వేస్తారు. బిల్లు పెద్దదవడానికి ఇదొక కారణం.

తర్వాత థక్‌బాకీ, అంటే పాత బాకీ. వ్యాజ్ అంటే వడ్డీ. గడువు దాటి కడితే 1.25 శాతం ఆలస్య రుసుము, ఇంకా లాగితే వడ్డీ. చివర సమాయోజిత్ రక్కమ్ అని ఒక గడి ఉంటుంది. సర్దుబాటు మొత్తం అని అర్థం. మీకు రావలసింది ఉంటే మైనస్ గుర్తుతో వస్తుంది. అక్కడ ప్లస్‌లో పెద్ద మొత్తం కనిపిస్తే, వివరం ఏమీ రాయకపోతే, ఆగి అడగవలసిన చోటు అదే. అసలైన దాగుడుమూతలు ఉంటే ఈ గడిలోనే ఉంటాయి.

3. ఒక్కసారి చేత్తో లెక్క వేయండి

2024-25 రేట్లతో ఒక లెక్క చూపిస్తాను. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీ బిల్లు నెలకు వర్తించే పట్టిక మహావితరణ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఒక ఇల్లు నెలకు 140 యూనిట్లు వాడింది. మొదటి 100 యూనిట్లకు 4.71 చొప్పున 471 రూపాయలు. మిగతా 40కి 10.29 చొప్పున 411.60. కలిపితే వీజ్ ఆకార్ 882.60. వహన్ ఆకార్ 140 యూనిట్లకు 1.17 చొప్పున 163.80. స్థిర్ ఆకార్ 128. మొత్తం 1,174.40. దీని మీద 16 శాతం సుంకం 187.90. అంతా కలిసి 1,362.30. ఇంధన్ సమాయోజన్ ఉంటే అదనం, దాని మీదా సుంకం పడుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. "101వ యూనిట్ కాలితే మొత్తం అంతటికీ పది రూపాయల రేటే పడుతుంది" అని మన దగ్గర గట్టిగా నమ్ముతారు. ఇది ఏరు దాటి వచ్చిన మాట. తెలంగాణలో నెలకు వంద యూనిట్లు దాటితే తొలి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. మన దగ్గర అలా కాదు. మొదటి వంద ఎప్పుడూ మొదటి రేటులోనే ఉంటాయి, పైవాటికే ఎక్కువ రేటు. 100 దాటాక 300 వరకు ఒక రేటు, 500 వరకు ఇంకొకటి, ఆపైన మరొకటి. కాబట్టి నెలాఖరు వారంలో వంద దాటుతుందేమోనని ఫ్యాను ఆపుకుని పిల్లల్ని దోమల్లో పడుకోబెట్టవలసిన పని లేదు. ఆ కొద్ది యూనిట్లకే రెట్టింపు ధర, మొత్తానికి కాదు.

4. రీడింగ్ చూడండి, అసలు నష్టం ఇక్కడే

బిల్లులో మాగీల్ రీడింగ్ అంటే పోయిన నెలది, చాలూ రీడింగ్ అంటే ఈ నెలది. రెండింటి తేడా యూనిట్లు. మీటరు ఫొటో బిల్లు మీద అచ్చయి ఉంటే అదీ చూడండి. అంకె కనిపిస్తుంటే చాలూ రీడింగ్‌తో సరిపోయిందో లేదో చూడండి. నల్లగా మసిబారినట్టుంటే అనుమానించండి.

చాలూ రీడింగ్ గడిలో అంకె లేకుండా లాక్డ్, ఆర్‌ఎన్ఏ, ఇనాక్సెస్, ఫాల్టీ లాంటి ఇంగ్లీషు ముక్క ఉంటే, ఆ నెల ఎవరూ మీ మీటరు చూడలేదని అర్థం, లేదా మీటరు చెడిందని రాశారని అర్థం. అప్పుడు వేసేది సరాసరి బిల్లు. ఈ మాట మనకూ ఉంది కదా, అదే అర్థం.

వానాకాలంలో వాగులు పొంగి దారి తెగితే ఒక నెల రీడింగ్ రాకపోవడం అర్థం చేసుకోవచ్చు. ఇబ్బంది ఎప్పుడంటే, రీడింగ్ తీయని నెలదీ తర్వాతి నెలదీ కలిపి మొత్తం ఒకేసారి వేసినప్పుడు. ఉదాహరణకు ఒక ఇల్లు నెలకు 90 యూనిట్లే వాడుతుంది, ఎప్పుడూ వంద దాటదు. రెండు నెలలవి కలిపి 180 ఒకే నెలలో వేశారనుకోండి. 100కి 471, మిగతా 80కి పది రూపాయల రేటున 823.20. మొత్తం 1,294.20. నెలనెలా రీడింగ్ తీసి ఉంటే రెండు నెలలకూ కలిపి 847.80 అయ్యేది. తేడా 446.40, సుంకంతో కలిపి దగ్గర దగ్గర 518 రూపాయలు. కాల్చింది అంతే కరెంటు. కానీ ఒక కూలి మనిషి ఒకటిన్నర రోజు సంపాదన ఎగిరిపోయింది.

దీనికి మందు ఉంది. ఆ యూనిట్లను నెలల వారీగా విడగొట్టి, ప్రతి నెలకూ మొదటి వంద తక్కువ రేటులో లెక్కించాలి. ఆఫీసు భాషలో దీన్ని స్లాబ్ బెనిఫిట్ అంటారు. అర్జీలో ఈ రెండు మాటలు తప్పక రాయండి. చాలా బిల్లుల్లో కంప్యూటరే ఇది చేసేస్తుంది, అందుకే ముందు చేత్తో లెక్క వేసి చూసి ఆ తర్వాతే అడగండి.

కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో రెండుకు మించి తాత్కాలిక బిల్లులు, అంటే రీడింగ్ లేకుండా వేసే సరాసరి బిల్లులు, ఇవ్వకూడదు. అంతకు మించితే, వరదల వంటి అసాధారణ పరిస్థితి కాకపోతే, అసలు రీడింగ్ బిల్లు వచ్చేదాకా కట్టనని చెప్పే హక్కు మీకుంది. ఇంటికి తాళం పడి రీడింగ్ దొరకకపోతే మీరే మీటరు ఫొటో పంపవచ్చు, మహావితరణ్ యాప్‌లో ఆ వీలుంది.

ఫొటో తీసే పద్ధతి కూడా చెబుతాను, ఇందులో చాలామంది తప్పుతారు. కొత్త మీటర్ల తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి: తేదీ, టైము, వోల్టేజీ, ఆ తర్వాత యూనిట్లు. పక్కన చిన్నగా కేడబ్ల్యూహెచ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించిన క్షణంలో తీయాలి. మీటరు నంబరు కూడా ఫ్రేములో పడాలి. ప్రతి నెలా ఒకే తేదీన, రీడింగ్ తీసే మనిషి వచ్చే రోజుకు దగ్గరగా, ఒక ఫొటో. అంతే. ఆరు నెలల ఫొటోలు వరుసగా ఉంటే ఏ వాదనా అక్కర్లేదు.

మీటరు చెడిపోయిందని వాళ్ళే చెప్పి పాత నెలలకు డబ్బు అడిగినా ఒక హద్దు ఉంది. మహారాష్ట్ర సప్లై కోడ్, అంటే కరెంటు సరఫరా నియమావళి, ప్రకారం లోపం ఉన్న మీటరుకు వెనక్కి సర్దేది గరిష్ఠంగా మూడు నెలలే. ఏడాది, రెండేళ్ళ లెక్క వేసి తెస్తే ఈ హద్దు గుర్తు చేయండి.

5. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే రెండో కాగితం

మా చిన్నమ్మ రాజన్నపల్లి దారిలో ఉంటుంది. పోయిన వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ దుకాణానికి వచ్చి, కొంగుముడి విప్పి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. చెమటకు అంచులు తడిసి ఉన్నాయి. ఒకటి మామూలు బిల్లు. రెండోది అదే నంబరు మీద ఇంకో వెయ్యి రూపాయలు. "ఒకే నెలకు రెండుసార్లు వేశాడు బిడ్డా, నేనెక్కడి నుంచి తేను?" అని కూర్చుండిపోయింది. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పోలేదట. నేను రెండో కాగితం పై వరుస చూపించాను: అతిరిక్త్ సురక్షా ఠేవ్. అంటే అదనపు సెక్యూరిటీ డిపాజిట్. ఖర్చు కాదు, మన పేరున వాళ్ళ దగ్గర ఉండే డబ్బు.

ఇది ఎలా పుడుతుందంటే, మనం ముందు వాడుకుని తర్వాత కడతాం కాబట్టి హామీగా కొంత సొమ్ము ఉంచమంటారు. నెలనెలా బిల్లు వచ్చేవాళ్ళకు 2021 నుంచి ఉన్న నియమం ప్రకారం ఏడాది సగటు నెల బిల్లుకు రెండింతలు డిపాజిట్ ఉండాలి. ఏటా ఒకసారి సరిచూస్తారు. మీ సగటు 1,200 అయితే 2,400 ఉండాలి. ఇప్పటికే 1,400 ఉంటే తక్కువ పడిన వెయ్యికి కాగితం వస్తుంది.

ఈ కాగితం వస్తే నాలుగు విషయాలు చూడండి. మొదటిది, ఇప్పటికే ఉన్న డిపాజిట్ బిల్లులో అచ్చయి ఉంటుంది, అది మీ పాత రసీదులతో సరిపోవాలి. ఎప్పుడో కట్టింది లెక్కలోకి రాకపోతే రసీదు నకలు ఇచ్చి ఎక్కించుకోండి. రెండోది, సగటు తీసిన 12 నెలల్లో ఏదైనా తప్పుడు బిల్లు ఉంటే సగటే పెరిగిపోతుంది. అలాంటప్పుడు ముందు ఆ బిల్లు సరిచేయించి, తర్వాత ఈ కాగితం మళ్ళీ లెక్కించమనాలి. మూడోది, ఒకేసారి కట్టలేకపోతే ఆరు హప్తాల్లో, అంటే నెల వాయిదాల్లో, కడతామని అడగవచ్చు. నాలుగోది, ఈ డబ్బుకు రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటు ప్రకారం ఏటా వడ్డీ రావాలి, అది బిల్లులో తగ్గింపుగా కనిపించాలి. కనిపించకపోతే అడగండి. చిన్న మొత్తమే అయినా మన డబ్బు.

చిన్నమ్మ ఆరు హప్తాలు రాయించుకుంది.

6. మీటరు పరుగెడుతోందన్న అనుమానం

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష. మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది, పక్కన 3200 అని ఉంటే అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని అర్థం. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేయండి. అయినా లైటు మిణుకుమంటుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎక్కడో కరెంటు పోతోంది. పాత తీగ గోడకు ఎర్త్ అవుతుండవచ్చు, ఎవరైనా తగిలించుకుని ఉండవచ్చు. తీగలు మీరు ముట్టుకోవద్దు, వైర్‌మన్‌ను పిలవండి.

మిణుకు ఆగిపోతే మళ్ళీ మెయిన్ వేసి, అన్నీ ఆపి వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టండి. ఇస్త్రీపెట్టె లైటు వెలుగుతున్నంతసేపు మీటరు మిణుకులు లెక్కపెడితే నిమిషానికి 53 సార్లకు దగ్గరగా రావాలి. మన పల్లెల్లో వోల్టేజీ తక్కువ కాబట్టి ఇంకా తక్కువే వస్తుంది. డెబ్భై, ఎనభై వస్తే మీటరు పరీక్షకు రాతపూర్వకంగా అడగండి. వాడకానికీ రీడింగ్‌కూ పొంతన లేదని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం 3 నెలలు రెండూ పోల్చి చూడాలని 2024 ఫిబ్రవరిలో కేంద్ర నియమాలకు సవరణ చేశారు. స్మార్ట్ మీటరు వచ్చాక బిల్లు పెరిగిందనేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. ఒట్టి మాటల గొడవ బదులు మూడు నెలల అంకెలు చేతికొస్తాయి.

7. ఇంట్లో కిరాణా, కుట్టుమిషన్ ఉన్నవాళ్ళకు

ఇంటి ముందుగదిలో చిన్న కొట్టు పెట్టుకున్నంత మాత్రాన మొత్తం ఇంటిని వ్యాపార రేటులోకి మార్చనవసరం లేదు. వాడకం నెలకు 300 యూనిట్లు, అంతకుముందు ఏడాది మొత్తం 3,600 యూనిట్లు దాటకపోతే ఇంటి రేటే వర్తిస్తుందని కమిషన్ టారిఫ్ ఉత్తర్వులో ఉంది. వ్యాపార రేటుకు సుంకం కూడా ఎక్కువ, 21 శాతం. బిల్లు మీద మీ వర్గం ఏమి రాసి ఉందో ఒకసారి చూసుకోండి.

ఎవరైనా తనిఖీకి వచ్చి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అని కాగితం ఇస్తే మాత్రం దారి వేరు. దాని మీద, కింద పదో భాగంలో చెప్పే ఫిర్యాదుల ఫోరంకు వెళ్ళలేరు. ఇచ్చిన గడువులోనే అక్కడే అభ్యంతరం రాసివ్వాలి, తుది ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో 127వ సెక్షన్ కింద అప్పీలు చేయాలి. ఆ కాగితం వస్తే ఒక్కరోజు కూడా ఇంట్లో పెట్టుకోవద్దు.

8. అర్జీ రాయడం

లైన్‌మన్ అన్నకు చెప్పాను, కౌంటర్‌లో అడిగాను, 1912 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను, ఇవేవీ రేపు సాక్ష్యం కావు. 1912కు చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి బిల్లు వెనక రాసుకోండి, అది అర్జీకి తోడవుతుంది. అర్జీ మాత్రం కాగితం మీదే ఉండాలి.

మరాఠీలో రాస్తే పని తొందరగా అవుతుంది. మన పిల్లలు మరాఠీ బడిలోనే చదువుతున్నారు, తొమ్మిదో తరగతి అమ్మాయి చేత రాయించినా చాలు. మీరు తెలుగులో చెప్పవలసింది ఇంతే:

"సిరొంచ ఉపవిభాగం ఉప కార్యనిర్వాహక ఇంజనీరు గారికి. నా గ్రాహక్ క్రమాంక్ ఇది, మీటరు నంబరు ఇది. ఫలానా నెల బిల్లులో రెండు నెలల రీడింగ్ కలిపి 180 యూనిట్లు ఒకే నెలలో వేశారు. అంతకుముందు ఆరు నెలల్లో నా వాడకం నెలకు 90 యూనిట్లు దాటలేదు. స్లాబ్ బెనిఫిట్ ఇచ్చి బిల్లు సవరించమని కోరుతున్నాను. నా లెక్క ప్రకారం తగ్గవలసిన మొత్తం 518 రూపాయలు. సవరించేదాకా కరెంటు తీయవద్దని మనవి. జతచేసినవి: బిల్లు నకలు, ఆరు నెలల బిల్లుల నకళ్ళు, మీటరు ఫొటో."

ఒక అర్జీలో ఒక్క సంగతే రాయండి. వోల్టేజీ తక్కువ, స్తంభం వంగింది, లైన్‌మన్ మర్యాదగా మాట్లాడలేదు, అన్నీ ఇందులోనే కలిపేస్తే తేలికైన దానికి జవాబిచ్చి డబ్బు సంగతి వదిలేస్తారు. కావలసిన మొత్తం అంకెల్లో రాయడం కూడా అంతే ముఖ్యం. "న్యాయం చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "518 తగ్గించండి" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు.

రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీ, ముద్ర, సంతకం తీసుకోండి. దాన్ని మరాఠీలో పోచ్ అంటారు. "సాహెబ్, పోచ్ ద్యా" అని మర్యాదగా నిలబడి అడగండి, వచ్చేదాకా కదలవద్దు. సాహెబ్ లేడు, రేపు రమ్మంటే పోస్టాఫీసుకు వెళ్ళి స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు ఫైలులో పెట్టండి. పోచ్ లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

9. కరెంటు తీస్తామని బెదిరిస్తే

విద్యుత్ చట్టం 2003లో 56వ సెక్షన్ మన చేతిలో ఉన్న పెద్ద రక్షణ. బాకీ పేరుతో కరెంటు తీయాలంటే 15 పూర్తి రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. "ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ అవుతుంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చే మెసేజ్ మోసమని ఈ ఒక్క నియమంతోనే తెలిసిపోవాలి. ఆ నంబరుకు చేయవద్దు, వాళ్ళు చెప్పిన యాప్ ఎక్కించవద్దు.

అదే సెక్షన్‌లో ఇంకో మేలు ఉంది. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలలు మీరు కట్టిన సగటు ప్రకారం అయ్యే మొత్తం గానీ, ఏది తక్కువైతే అది నిరసనతో కడితే వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. ఆరు వేల బిల్లు వచ్చింది, ఎప్పుడూ తొమ్మిది వందలే కట్టేవారు అనుకోండి. ఆ తొమ్మిది వందలు కట్టి, "అండర్ ప్రొటెస్ట్ కడుతున్నాను" అని అర్జీలో రాసి పోచ్ తీసుకోండి. కౌంటర్‌లో తక్కువ మొత్తం తీసుకోబోమని అంటే ఉపవిభాగం ఆఫీసులో రాయించుకుని రండి. అసలేమీ కట్టకుండా పంతం పట్టడం మాత్రం చేయవద్దు. అప్పుడు ఆలస్య రుసుము పెరుగుతుంది, మన వాదనా బలహీనమవుతుంది.

ఎప్పటిదో పాత బాకీ హఠాత్తుగా తెస్తే రెండేళ్ళ గీత గుర్తుంచుకోండి. మొదట కట్టవలసిన తేదీ నుంచి రెండేళ్ళు దాటి, మధ్యలో బిల్లుల్లో వరుసగా బాకీగా చూపకపోతే వసూలుకు 56వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం, 56(2), అడ్డు వస్తుంది. పూర్వం పొరపాటున తక్కువ వేశామని తర్వాత అదనపు బిల్లు ఇవ్వవచ్చు గానీ, గడువు దాటిన దానికోసం కరెంటు తీసే అధికారం వాడకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇల్లు కొన్నవాళ్ళకు ఇంకొకటి: పాత యజమాని వదిలిన బాకీ, మీరు అతని వారసులు కాకపోతే, గరిష్ఠంగా ఆరు నెలలదే మీ మీద పడుతుంది.

10. ఫోరం, ఆ తర్వాత నాగ్‌పూర్

ఉపవిభాగం జవాబు ఇవ్వకపోతే, ఇచ్చినా సరిగ్గా లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది. సంగతి పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వెళ్ళాలి. గడ్చిరోలి జిల్లా చంద్రపూర్ జోన్ కిందికి వస్తుంది. ఫోరం చిరునామా ఆఫీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో ఉంటుంది. వకీలు అక్కర్లేదు, మీరే మాట్లాడవచ్చు, చదువుకున్న అల్లుడినో తమ్ముడినో మీ ప్రతినిధిగా రాసి పంపవచ్చు. ఫారంతో పాటు పోచ్ ఉన్న అర్జీ, బిల్లులు, సీపీఎల్ వరుసగా పేజీ నంబర్లు వేసి పెట్టండి. ఫోరం 60 రోజుల్లో తేల్చాలి.

అక్కడా కాకపోతే ఉత్తర్వు వచ్చిన 60 రోజుల్లో నాగ్‌పూర్‌లోని విద్యుత్ లోక్‌పాల్ దగ్గరికి, అంటే ఫోరం ఉత్తర్వు మీద అప్పీలు వినే అధికారి దగ్గరికి, వెళ్ళవచ్చు. అప్పీలుకు వివాదంలో ఉన్న మొత్తంలో కొంత ముందుగా డిపాజిట్ చేయవలసి రావచ్చు. 518 రూపాయల కోసం నాగ్‌పూర్ బస్సెక్కమని నేను ఎవరికీ చెప్పను. దారి ఖర్చే అంతకు మించుతుంది. కానీ ఒకే రీడింగ్ తప్పు వాడంతటికీ జరిగితే పది ఇళ్ళవాళ్ళు కలవండి. ఎవరి అర్జీ వాళ్ళదే అయినా, ఒకే రోజు ఒకే లెక్క పద్ధతితో పెట్టి, ఒక మనిషిని అందరి తరఫునా పంపండి. ఖర్చు పంచుకుంటే భారం కాదు, పది కాగితాలు ఒకేసారి చూస్తే ఆఫీసులోనూ తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతారు.

ఉత్తర్వు మీవైపు వచ్చిందని ఫైలు మూసేయవద్దు. తర్వాతి రెండు బిల్లుల్లో సమాయోజిత్ రక్కమ్ గడిలో మైనస్ గుర్తుతో ఆ మొత్తం వచ్చిందా, వివాదంలో ఉన్న డబ్బు మీద వేసిన ఆలస్య రుసుము, వడ్డీ కూడా తీసేశారా అని చూడండి. రాకపోతే ఉత్తర్వు నకలు జతచేసి మళ్ళీ అర్జీ ఇవ్వండి, దాని మీదా పోచ్ తీసుకోండి.